పని వేళలో మంచి గడియారము

ఖరీదైన చేతిగడియారము కలిగియుండుట వేరు, దానిని అనుభవించుట వేరు. మొదటిది డబ్బుతో అగు పని. రెండవదానికి డబ్బు చాలదు. కొంత తెలివిడి, కొంత ఓపిక, అన్నింటికంటె మిన్నగా కొంత మౌనము కావలెను. వేల రూపాయలు, ఒక్కొక్కప్పుడు లక్షల రూపాయలు పోసి కొన్న గడియారమును పదిమందిలో చేయి చాచి చూపి, వారు 'అబ్బో' అన్న ఆ ఒక్క క్షణముతో దాని పని తీరినదని తలచువారు మనలో తక్కువేమీ కాదు. ఆ 'అబ్బో' మరునాటికి పాతబడును. గడియారము మాత్రము ఏండ్ల తరబడి మణికట్టున ఆడుచునే యుండును. చూచువారు లేనప్పుడు అది మనకేమి ఇచ్చును? కచేరీలో, కొట్టులో, బడిలో, రాళ్ళ డిపోలో దినమంతయు పనిచేసికొను మనిషి ఎవరికిని చాటకుండ తన గడియారము వలన పొందదగిన ఆనందమెట్టిది? పలనాటి సీమను కన్నులయెదుట ఉంచుకొని ఈ సంగతిని కొంచెము విచారింతము.

పలనాడే ఎందుకు? గడియారమునకు ఇంతకంటె గట్టి పరీక్ష పెట్టు సీమ తెలుగునాట అరుదు గనుక. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పలనాడు జిల్లాలో పనికి ఎన్నో రూపములున్నవి. నరసరావుపేటలో కోర్టులు, కచేరీలు, అంగళ్ళు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు. దాచేపల్లి, మాచర్ల ప్రాంతములలో నాపరాళ్ళ గనులు, సిమెంటు కర్మాగారములు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము కుడికాలువ క్రింద మిరప, ప్రత్తి, వరి చేలు. ఒకచోట కాగితముల దుమ్ము, ఒకచోట రాతిదుమ్ము, ఒకచోట మిరప ఘాటు, అన్నిచోట్లను ఎండ. ఈ పనుల నడుమ మణికట్టున ఒక సున్నితమైన యంత్రమును ధరించి దానితో సుఖముగా దినము గడుపుట ఒక విద్యయే.

గడియారమను మాటయే మన పూర్వుల కాలగణనకు గుర్తు. అడుగున సన్నని రంధ్రము గల చిన్న గిన్నెను నీటిపాత్రలో విడిచి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును ఒక ఘడియగా లెక్కించిరి. నేటి లెక్కలో అది 24 నిమిషములు. అట్టి ఘడియలు 60 కలిసిన ఒక దినము. ఏడున్నర ఘడియలు ఒక జాము. ఇది పంచాంగము వ్రాయువారికి, కోటలలో గంట కొట్టువారికి పనికివచ్చిన లెక్క. పొలములోని మనిషికి ఇంతకూడ అక్కరలేకపోయినది. బారెడు పొద్దెక్కినదనియు, అంబటిపొద్దయినదనియు, పొద్దు వాలినదనియు, దీపాలు పెట్టువేళయైనదనియు చెప్పుకొనుచునే తరతరముల వారు దున్నిరి, నూర్చిరి, పెండ్లిండ్లు చేసికొనిరి.

1906 జనవరి 1వ తేదీ నుండి దేశమునకు ఒక ప్రామాణిక కాలము ఏర్పడినది. గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందుండు ఈ కాలమునకు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఆధారము. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోవును. నరసరావుపేట ఇంచుమించుగా 80 డిగ్రీల వద్దను, మాచర్ల 79.4 డిగ్రీల వద్దను ఉన్నవి. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. అందుచేత సూర్యుడు నడినెత్తికి వచ్చునప్పటికి, సంవత్సరపు సగటున చూచినచో, నరసరావుపేటలో గడియారము పన్నెండు దాటి 10 నిమిషములగును. మాచర్లలో 12 నిమిషములగును. గడియారపు పన్నెండు వేరు, పలనాటి పొద్దు పన్నెండు వేరు. ఈ చిన్న తేడాను జ్ఞప్తియందు ఉంచుకొనవలెను. దీనితో మనకు చివర పనియున్నది.

చేతిగడియారము మన ఇండ్లలోనికి వచ్చినప్పుడు కాలము చూపు సాధనముగా కంటె గౌరవము చూపు వస్తువుగానే ఎక్కువగా వచ్చినది. అలకపాన్పు ఎక్కిన పెండ్లికొడుకు మామగారిని వాచీ కోరుట ఒకనాడు ఇంటింటి ముచ్చట. సైకిలు, రేడియో, వాచీ, ఈ మూడును ఉన్న అల్లుడు ఊరిలో నిటారుగా నడచెడివాడు. వెస్టెండు, ఫేవర్ లూబా వంటి స్విస్ పేర్లు అప్పటి పెద్దల నోట తరచుగా వినబడెడివి. 1961లో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ వారు జపానుదేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో చేతిగడియారములు తయారుచేయ మొదలిడిన పిమ్మట, 'జనతా' వంటి కీ గడియారములు బడిపంతులుగారికిని, రైల్వే గుమాస్తాకును అందుబాటులోనికి వచ్చినవి. 1984లో తమిళనాడు ప్రభుత్వ సంస్థయు టాటావారును కలిసి టైటాన్ సంస్థను నెలకొల్పిరి. 2016లో హెచ్.ఎం.టి. వారి గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది.

ఈ మార్పునకు ముఖ్యకారణము క్వార్ట్జు గడియారము. 1969 డిసెంబరు 25వ తేదీన జపానులో సైకో సంస్థ దీనిని తొలిసారి అమ్మకమునకు పెట్టినది. నేటి క్వార్ట్జు గడియారములో చిన్న స్ఫటికపు ముక్క బ్యాటరీ బలముతో సెకండునకు 32,768 మారులు కంపించును. కొన్ని వందల రూపాయలకు దొరకు అట్టి గడియారము నెలకు కొన్ని సెకండ్లు మాత్రమే తప్పును. కీతో నడచు మేలురకపు స్విస్ గడియారమునకు పరీక్షాధికారులు ఇచ్చు ప్రమాణపత్రమో, దినమునకు 4 సెకండ్లు వెనుక మొదలు 6 సెకండ్లు ముందు వరకు తప్పవచ్చునని సెలవిచ్చుచున్నది. అనగా వెల పెరిగినకొలది కాలము సరిగా తెలియునని అనుకొనుటకు వీలులేదు. ఇక చేతిలోని ఫోను ఉండనే యున్నది. అట్లయినచో ఆ వెల దేనికి?

దీనికి ఉత్తరము గడియారము లోపల ఉన్నది. మనము కీ ఇచ్చునప్పుడు చిన్న డబ్బీలో చుట్టుకొనియున్న ఉక్కు స్ప్రింగు బిగియును. అది విడివడుటకు చేయు ప్రయత్నమే గడియారమునకు బలము. ఆ బలము పండ్లచక్రముల వరుసగుండ ప్రవహించి నిమిషముల ముల్లును, సెకండ్ల ముల్లును త్రిప్పును. అడ్డులేనిచో స్ప్రింగు ఒక్క పెట్టున విప్పుకొనిపోవును గదా! కావున వరుస చివరి చక్రమునకు ఎదురుగా ఒక చిన్న లీవరు నిలిచి, ఒక్కొక్క పంటిని పట్టి ఆపి మరల విడుచుచుండును. ఎప్పుడు విడువవలెనో దానికి చెప్పునది బాలెన్సు చక్రము. వెంట్రుకవంటి సన్నని స్ప్రింగు సాయముతో ఆ చక్రము ఊయలవలె ఇటునటు ఊగును. లీవరు రాళ్ళకు పంటి అంచు తగిలినప్పుడు పుట్టు శబ్దమే మనము వినెడి టిక్కు టిక్కు. పాత కీ గడియారములు పెక్కింటిలో ఇది గంటకు 18,000 మారులు, అనగా సెకండునకు 5 మారులు జరుగును. నేటివానిలో అనేకము గంటకు 28,800 మారులు కొట్టుకొనును. ఎనిమిది గంటల పనిదినములో పాత గడియారము సైతము 1,44,000 మారులు ఆగి కదలును. మనము ఒక కాగితము చదివి సంతకము చేయునంతలో మన మణికట్టుపై ఇంత పని జరుగుచున్నదను ఎరుకయే మొదటి ఆనందము.

డయలుమీద '17 జ్యూయల్సు' అని వ్రాసియుండుట మనలో చాలమంది చూచినదే. అవి నగలలోని కెంపులకు పోటీ వచ్చునవి కావు. 1902లో వెర్నొయి అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కొలిమిలో కెంపు తయారుచేయు మార్గమును వెల్లడించినది మొదలు అవి చవుకగా దొరకుచున్నవి. బాలెన్సు చక్రపు ఇరుసు మొన మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే యుండును. ఇనుముమీద ఇనుము రాచుకొన్నచో అది కొద్దికాలములోనే అరిగిపోవును. కెంపు గట్టిది, నున్ననిది. ఒక చుక్క నూనెతో ఏండ్ల తరబడి ఆ మొనను మోయును. ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుట ఎరిగిన మనకు ఈ సూత్రము క్రొత్త కాదు.

మేలురకపు గడియారమునకు వెల పెంచునది ఎక్కువగా కంటికి కనబడని పని. ముల్లు నీలముగా మెరయుచున్నచో అది రంగు పూసినందువలన కాకపోవచ్చును. మెరుగుపెట్టిన ఉక్కును మెల్లగా కాల్చినప్పుడు అది మొదట ఎండుగడ్డి రంగునకు, పిమ్మట గోధుమరంగునకు, తరువాత ఊదాకు తిరిగి, ఇంచుమించు 300 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నీలవర్ణము పొందును. ఆ క్షణమున తీసినచో నీలము నిలుచును. ఆలస్యమైనచో బూడిదరంగునకు పోవును. పిడుగురాళ్ళ బట్టీలలో సున్నపురాయి కాలుటకు 900 డిగ్రీల వేడిమి కావలెను. అక్కడి పనివాడు కాలిన పాకమును కంటితో పోల్చుకొనును. జెనీవాలో ముల్లు కాల్చు పనివాడును కంటితోనే పోల్చుకొనును. ఆ రెండు కండ్లకు ఉన్న చుట్టరికమును గుర్తించినవాడు తన గడియారమును మరియొక విధముగా చూచును.

ఇంతేకాదు. మూత విప్పిననే తప్ప కనబడని పలకల అంచులను చెక్కి మెరుగుపెట్టుట, మరల తలలను అద్దములవలె చేయుట ఉత్తమ కర్మాగారముల ఆచారము. ఉప్పాడ జాందానీ చీరలో వెనుకవైపును ముందువైపువలెనే నేయు నేతగానికి ఈ పట్టుదల అర్థమగును. ఎవరును చూడనిచోట కూడ పని సరిగా ఉండవలెనను నియమముతో పుట్టిన వస్తువును అందరికిని చూపుటకై ధరించుట కొంత విడ్డూరమే. దాని స్వభావమునకు తగిన అనుభవము గుట్టుగా ఉండు అనుభవము.

ఇక ఎండ సంగతి. వేసవి వచ్చినదన్న రేడియోలో వాతావరణ వార్తలు వినువారికి రెంటచింతల పేరు సుపరిచితము. గురజాల, మాచర్లల నడుమనున్న ఆ ఊరు రాష్ట్రములో మిక్కిలి వేడి నమోదగు చోట్లలో ఒకటి. పూర్వపు ఉక్కు వెంట్రుక స్ప్రింగునకు ఈ వేడి పెద్ద శత్రువు. ఉష్ణము హెచ్చినప్పుడు దాని బిగువు సడలి గడియారము వెనుకబడెడిది; ఒక్కొక్క డిగ్రీకి దినమునకు 10 సెకండ్లకు పైగా తేడా వచ్చెడిది. స్విట్జర్లాండులో పుట్టి పారిసు సమీపమున తూనికలు కొలతల అంతర్జాతీయ కార్యాలయములో పనిచేసిన షార్ల్ ఎదువార్ గియోమ్ అను శాస్త్రజ్ఞుడు నికెలును ఉక్కును కలిపి, వేడికి ఇంచుమించుగా మారని లోహమిశ్రమములను కనిపెట్టెను. అందులకు 1920లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నేడు మే నెల మిట్టమధ్యాహ్నమున రెంటచింతల వీధిలో ఒక చేతిగడియారము కాలము తప్పక నడచుచున్నదనిన, దాని వెనుక అట్టి పరిశోధన ఉన్నది.

శాస్త్రము చేసినది శాస్త్రము చేయగా, మనము చేయవలసినదియు కొంత కలదు. చెమటలోని ఉప్పు తోలుపట్టీని తినివేయును. వేసవిలో గుడ్డపట్టీయో ఉక్కు గొలుసో మేలు. కీ పిడిని ఎప్పుడును లోపలికి నొక్కియుంచవలెను. రాతిదుమ్ము దూరునది ఆ సందుననే. నాపరాయి కోయుచోటికి, బట్టీ నోటికి పోవునప్పుడు గడియారమును ఇంట విడిచిపోవుట ఉత్తమము. మోటారులకు, స్పీకరులకు దగ్గరగా ఉంచినచో వెంట్రుక స్ప్రింగు చుట్టలు అయస్కాంతమై ఒకదానినొకటి అంటుకొని గడియారము పరుగులు తీయును. బాగుచేయువాడు ఒక నిమిషములో ఆ దోషము తీయగలడు. నాలుగైదేండ్లకు ఒకమారు నూనె మార్పించుట తప్పనిసరి. ఈ జాగ్రత్తలు భారమని తోచినవానికి ఖరీదైన గడియారము వలదు. ఆవును కొని మేత వేయుటకు విసుగుకొన్నట్లుండును.

పనిదినములో దీనిని అనుభవించు తీరు ఎట్టిదో ఇప్పుడు చూతము. ప్రాతఃకాలమున వార్తలకు ముందు రేడియోలో వచ్చు సమయసంకేతముతో ఈ అనుభవము మొదలగును. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన నాటినుండి మన ప్రాంతపు ఇండ్లలో ఎన్ని గడియారములు ఆ ధ్వనితో సరిచేయబడినవో! ప్రతిదినము ఒకే వేళకు కీ ఇచ్చుట మంచిది. వ్రేళ్ళకు స్ప్రింగు బిగువు మెల్లమెల్లగా తెలియవచ్చును. గట్టిగా ఎదురు తిరిగినచోట ఆపవలెను. ఒక చిన్న హెచ్చరిక: మొబైలు ఫోను ద్వారా రేడియో వినునప్పుడు ధ్వని కొన్ని సెకండ్లు ఆలస్యముగా చేరును. గాలిలో వచ్చు ప్రసారమును నేరుగా పట్టు రేడియో పెట్టెలో ఆ ఆలస్యము ఉండదు. గడియారము సరిచేసికొనువానికి పాత పెట్టెయే గురువు.

పనిలో కూర్చున్న పిమ్మట గడియారము చొక్కా చేతి క్రింద ఉండవచ్చును. వేళ తెలియవలెననిన ఫోను తీయువాడు వేళతోపాటు నాలుగు వార్తలు, పది సందేశములు చూచి, చివరకు వేళ ఎంతయైనదో మరచును. గడియారము చూచువానికి వేళ తెలియును. చూపు మరల పనిమీదికి వచ్చును. ఇది చిన్న లాభము కాదు. మరియొక వినోదము కలదు. చూచుటకు ముందు ఇప్పుడు ఎంతయైయుండునో మనసులో అనుకొని పిమ్మట చూడవలెను. కిటికీలోని ఎండ, వీధిలోని సందడి, కడుపులోని ఆకలి వీనినిబట్టి లెక్కకట్టుట కొన్ని వారములలో అలవడును. మన తాతలకు వచ్చిన విద్య ఇట్లు తిరిగి వచ్చును.

మధ్యాహ్నము భోజనముల వేళ ఫంకా చప్పుడు తప్ప మరేమియు లేనప్పుడు గడియారమును చెవికి ఆనించి పది క్షణములు వినుట అలసటకు మంచి మందు. ముల్లునకు రెండు వాలులు తీర్చియుండినచో, కిటికీ దగ్గర చేయి కొంచెము త్రిప్పినంతనే ఒక వాలు వెలుగును, మరియొకటి చీకటియగును. సాయంత్రము ఇంటికి వచ్చి మెత్తని పొడిగుడ్డతో తుడిచి, రేడియో వేళతో పోల్చి, ఎన్ని సెకండ్లు ముందో వెనుకో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవచ్చును. రాత్రి గడియారమును వెల్లకిల ఉంచినప్పుడు ఒక నడక, ప్రక్కకు నిలిపి ఉంచినప్పుడు మరియొక నడక యుండును. భూమ్యాకర్షణ బాలెన్సు చక్రముమీద పనిచేయు తీరు మారుటయే ఇందులకు కారణము. పగలు సంపాదించిన రెండు సెకండ్లను రాత్రి పడక మార్చి పోగొట్టి, గడియారమును సమముగా నడపుట ఎరిగినవానికి కలుగు సంతోషము ఎవరికి చెప్పినను అర్థము కాదు. చెప్పవలసిన పనియు లేదు.

పదిమంది చూచుటకే చేసిన గడియారములు లేకపోలేదు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములోని పెద్ద గడియారము అట్టిది. గంట గంటకు లోపలినుండి గడ్డపు బొమ్మ ఒకటి వచ్చి గంట కొట్టును. పన్నెండు కొట్టు వేళకు జనము ముందుగానే వచ్చి కూర్చుందురు. అది అందరిదియు గనుక అందరియెదుట కొట్టుటయే దానికి అందము. చేతిగడియారము ఒక్కరిది. మహాత్మాగాంధీ మొలకు వ్రేలాడిన జేబుగడియారమును చూడుడు. దానిని ఆయన చూపుటకు ధరింపలేదు. ఇచ్చిన మాట వేళకు నిలుపుటకు ధరించెను. 2009లో న్యూయార్కులో అది ఆయన కండ్లజోడు, పాదరక్షలు మున్నగువానితో కలిసి 18 లక్షల డాలర్లకు వేలములో పోయినది. ఆ విలువ లోహమునకు వచ్చినది కాదు, వాడుకకు వచ్చినది.

చూపుటకై ధరించువానికి మరియొక చిక్కు కలదు. ఒకరు చూడవలెనను ఆనందమునకు త్వరలోనే ఒక పోటీదారుడు ఏర్పడును. పోటీ ఎంతవరకు పోవునో పలనాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 12వ శతాబ్దిలో బ్రహ్మనాయుడు, నాగమ్మల పక్షముల నడుమ పంతము కోడిపోరున తేలి, ఓడినవారు ఏడేండ్లు నాడు విడిచిపోవలసివచ్చెననియు, తుదకు నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరులందరు నేలకొరిగిరనియు ఆ సీమ కథ. గడియారములకు యుద్ధములు రావు. కాని తోడల్లుని చేతి గడియారము చూచి అప్పుచేసి అంతకంటె మేలైనది కొన్నవాని యింట శాంతియు ఉండదు. వడ్డీ నడచుచున్న గడియారపు టిక్కు టిక్కులో సంగీతము వినబడదు. వెలను పూర్తిగా చెల్లించి, మరచిపోగలిగినవానికే ఈ మౌనానందము దక్కును.

ఇప్పుడు పక్కనుంచిన 12 నిమిషముల మాటకు వత్తము. చేనిలో ముప్పదిమంది ఆడవారు మిరపకాయలు కోయుచుండగా గట్టుమీద నిలిచినవాని చేతికి మాత్రమే గడియారమున్న రోజులు మన పెద్దలు ఎరుగుదురు. మాచర్ల ప్రాంతమున పొద్దునకు గడియారమునకు సగటున 12 నిమిషముల తేడా యున్నదని చెప్పుకొంటిమి. పొద్దును నమ్ముకొని వచ్చి పొద్దును నమ్ముకొని పోవువారికి నష్టము లేదు. గడియారముతో వచ్చి గడియారముతో పోవువారికిని నష్టము లేదు. ప్రొద్దుట గడియారము ప్రకారము రమ్మని, సాయంత్రము పొద్దు ప్రకారము పొమ్మన్నప్పుడే చిక్కు. రోజుకు 12 నిమిషములు యజమాని వైపునకు జారును. నెలకు 25 రోజుల పనికి లెక్కకట్టినచో ఒక్కొక్కరివి 5 గంటలు. ఆ 5 గంటలకు కూలి లేదు. నేడు కూలికి వచ్చినవారి చేతిలోనూ ఫోను ఉన్నది. వేళ అందరికిని తెలియును. అయినను ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అని చెప్పు అధికారము ఇంకను ఒక చేతిలోనే యున్నది. ఆ చేతికే సాధారణముగా ఖరీదైన గడియారమును ఉండును.

కనుక మౌనమనునది ఇచ్చట రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. మన మణికట్టున ఉన్న వస్తువు వెల ఎదుట నిలిచిన మనిషికి ఎన్ని ఏండ్ల కూలియో ఆలోచింపవలెను. కూలిడబ్బు లెక్కపెట్టి ఇచ్చు చేతికి ఆ గడియారమున్నప్పుడు చొక్కా చేతిని కొంచెము క్రిందికి లాగుకొనుట పిరికితనము కాదు, మర్యాద. ఇది కపటమని కొందరందురు. దాచుట వేరు, చాటకుండుట వేరు. ఎవరైన అడిగినచో ఉన్నదున్నట్లు చెప్పవలెను. కుతూహలపడి చూచు పిల్లవాడు ఎవరి పిల్లవాడైనను సరే, గడియారము విప్పి అతని చేతిలో పెట్టి, ఆ చిన్న చక్రము ఊగుట చూపవలెను. వెల చెప్పుటకంటె అది ఎట్లు నడచునో చెప్పుట మేలు.

అన్నింటికంటె మించినది ఒకటి. కాలమును ఇంత చక్కగా చెప్పు వస్తువు కలవాడు ఇతరుల కాలమును అపహరింపరాదు. గురజాల నుండి మొదటి బస్సున వచ్చి కచేరీ వరండాలో నిలిచిన రైతును పది గంటలకు రమ్మన్నచో పది గంటలకే లోపలికి పిలువవలెను. ఐదు గంటలకు పని వదలెదమన్నచో ఐదు గంటలకే వదలవలెను. రోగి, కక్షిదారు, విద్యార్థి, కూలి, వీరిలో ఎవరికిని మన చేతి గడియారము కనబడకపోవచ్చును. అది సరిగా నడచుచున్నదని మాత్రము వారందరికిని తెలియవలెను. ఆ విధముగా తెలియుటయే మంచి గడియారమునకు తగిన ప్రదర్శనము.